ల్యాబు గదికి ఒకటే తలుపు

ఆదివారం

చేరాను. రెండు వారాలే ఉంటానని మా ఆయనకు మాటిచ్చి వచ్చాను. "రిటైరయ్యాక ఇంటిపట్టున ఉంటావనుకున్నాను. వరదొచ్చిందో లేదో, నీ కాళ్ళకు రెక్కలొచ్చాయి" అన్నాడు. అంటూనే నా బీపీ మిషను, మోకాళ్ళకు రాసుకునే మందు సంచీలో సర్దిపెట్టాడు.

క్యాంపు ఒక కాలేజీలో పెట్టారు. నది పక్క కాలనీలన్నీ మునిగి జనమంతా ఇక్కడికే వచ్చారు. తరగతి గదుల్లో కుటుంబాలు, వరండాలో ఒకదాని మీద ఒకటిగా బల్లలు. మధ్యలో పెద్ద గ్రౌండు. గ్రౌండుకు ఈ చివర మా ఆరోగ్య శిబిరం టెంటు. గర్భిణులు, బాలింతలు, ఆడవాళ్ళ జబ్బులు నా వంతు, మిగతావాళ్ళను డాక్టరమ్మ చూస్తుంది. ఆ చివర, ఆఫీసు పక్కనే, ఒక బల్ల, రెండు కుర్చీలు. పైన 'మహిళా సహాయ కేంద్రం' అని బారెడు బోర్డు.

ఆ బోర్డు కింద మా వదిన కూర్చుని ఉంది.

ఇంతమంది వాలంటీర్లలో ఆవిడే దొరకాలా! అన్నయ్య పోయి ఏడాది దాటింది. ఆవిడతో నేను మాట్లాడక కూడా అంతే అయింది. ఆసుపత్రిలో డాక్టర్లు ఆపరేషను చేద్దామంటుంటే వినకుండా అన్నయ్యను ఇంటికి తీసుకుపోయిన మనిషి. సర్వీసంతా ప్రసవాల వార్డులో గడిపిన ఆడపడుచును నేనున్నాను కదా, నన్ను ఒక్కమాట అడగలేదు. ఆ నెలలోనే అన్నయ్య వెళ్ళిపోయాడు.

నాకు ఆవిడ మీద కోపమేమీ లేదు. మాట్లాడాల్సిన పని లేదు, అంతే.

ఇక్కడ కాపలా వాలంటీరు ఒకతను ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. ఎప్పుడూ చేతిలో పెద్ద టార్చి ఉంటుంది కాబట్టి అందరూ అతన్ని టార్చి అనే పిలుస్తారు. సాయంత్రమైతే బాత్రూముల దారిలో డ్యూటీ. నా మందుల పెట్టెలు తనే మోసిపెట్టాడు. మర్యాదస్తుడు.

సోమవారం

పొద్దున వంచిన నడుము మళ్ళీ ఎత్తలేదు. బీపీలు, ఐరన్ మాత్రలు, ఇన్‌ఫెక్షన్లు. ఒకామెకు ఎనిమిదో నెల, పాదాలు పొంగి చెప్పుల్లో పట్టడం లేదు. మనిషి మాత్రం హుషారు. గొంతు విప్పితే గ్రౌండంతా వినబడుతుంది. ఇంకొకామె చుట్టూ చూసి గుసగుసగా, "గర్భం రాకుండా వేసుకునే మాత్రలు నీళ్ళల్లో కొట్టుకుపోయాయి నర్సమ్మా. ఇల్లు పోయింది, సామాను పోయింది, మా ఆయన బుద్ధి మాత్రం ఎక్కడికీ పోలేదు" అంది. నవ్వలేక చచ్చాను.

బాత్రూములు మెయిన్ బిల్డింగు వెనకాల ఉన్నాయి. వాటికి గడియలు లేవు. దారిలో లైటు లేదు. ఏదడిగినా క్యాంపు ఆఫీసరు "రేపు చూద్దాం" అంటాడట. ఆడవాళ్ళు ఆయనకు 'రేపుగారు' అని పేరు పెట్టుకున్నారు.

ఆవిడ బల్ల దగ్గరికి రోజంతా ఒక్కరూ రాలేదు. పనిగట్టుకుని చూశానని కాదు, నా టెంటు అటు తిరిగి ఉంది మరి. టీ కోసం మగవాళ్ళంతా గుమిగూడే చోట అంత బోర్డు పెట్టుకుని కూర్చుంటే ఎవరొస్తారు? ఆ మాట చెప్పొచ్చు. నాకెందుకు!

మంగళవారం

ఇవాళ జరిగింది వరసగా రాయాలి.

పొద్దున టీ వేళ ఒకమ్మాయి ఆవిడ బల్ల దగ్గర నుంచి లేచి గ్రౌండులోకి వచ్చింది. నాకు తెలిసిన అమ్మాయే. ఇల్లు మునుగుతుంటే వేరే ఏమీ పట్టుకోకుండా కుట్టుమిషను మాత్రం నెత్తిన పెట్టుకుని, వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని వచ్చిందట. మూడో నంబరు గదిలో మూలన మిషను పెట్టి అందరి చిరుగులూ కుట్టిపెడుతుంది. దర్జీ అమ్మాయి అంటారు. నిన్న నా సంచీ పట్టీ తెగితే తనే బాగుచేసింది, చేస్తున్నంతసేపూ కబుర్లు చెబుతూనే ఉంది.

ఇవాళ ఆ అమ్మాయి నడక వేరుగా ఉంది. సగం దూరం వచ్చేసరికి టీ దగ్గర ఎవడో, "ఏమ్మా, ఆ బల్ల దగ్గర కంప్లైంటా, ఈ టెంటులో మందా? రెండూ కావాలా?" అని నవ్వాడు. పక్కవాళ్ళూ నవ్వారు. వాడికేమీ తెలియదు, నోటి దురద. అమ్మాయి ఆగిపోయింది. నావైపు చూసింది. రమ్మని చెయ్యి ఊపాను. ఒక్క క్షణం అక్కడే నిలబడి, తల దించుకుని తన గదివైపు వెళ్ళిపోయింది.

కాసేపటికి ఆవిడ వచ్చింది. పరుగులాంటి నడక. ఏడాది తర్వాత నాతో అన్న మొదటి మాట, "వచ్చిందా?"

"ఎవరు?"

"ఆ అమ్మాయిని నీ దగ్గరికి పంపాను. మందు నీ దగ్గరే కదా ఉంది."

"ఏం మందు?"

వంగి నా చెవిలో చెప్పింది. నిన్న సాయంత్రం, బాత్రూముల వెనక. ఆ అమ్మాయి ఒక్క ముక్కే చెప్పిందట. ఎవరో చెప్పలేదు. అమ్మకు తెలియకూడదని మాత్రం అందట.

మందుల పెట్టె నా కాళ్ళ దగ్గరే ఉంది. బలాత్కారం జరిగినవాళ్ళకు గర్భం రాకుండా వేసే మాత్ర, హెచ్‌ఐవీ సోకకుండా మొదలుపెట్టే మందు, అన్నీ ఉన్నాయి. మూడు రోజులు దాటితే ఆ రెండో మందు మొదలుపెట్టినా లాభం లేదు. ఎంత తొందరగా వేస్తే అంత మంచిది. కష్టం చెప్పుకునేది అక్కడ. మందు ఇచ్చేది ఇక్కడ. మధ్యలో క్యాంపంతా కూర్చుని చూసే గ్రౌండు.

"నేను వెళ్ళి తీసుకొస్తాను" అని లేచాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆ గదిలో ఎన్ని కుటుంబాలున్నాయో తెలుసా? నువ్వెళ్ళి ఆ ఒక్కదాన్నే పిలిస్తే సాయంత్రానికి అందరి నోళ్ళలోనూ ఉంటుంది."

"మరి గుడ్లప్పగించి చూస్తూ కూర్చోమంటారా?"

"కాదు. అందరినీ పిలుద్దాం."

అర్థం కావడానికి ఒక్క నిమిషం పట్టింది. ఒప్పుకోవడానికి ఇంకాస్త ఎక్కువ పట్టింది. ఎందుకంటే ఆలోచన నాది కాదు, ఆవిడది.

ఇద్దరం ఆఫీసుకు వెళ్ళాం. ఆవిడ అడిగింది, "ఒక గది కావాలండీ. తలుపుకు గడియ ఉండాలి. లోపల నీళ్ళుండాలి."

"రేపు చూద్దాం మేడమ్. గదులన్నీ నిండిపోయాయి."

"కెమిస్ట్రీ ల్యాబు ఖాళీగానే ఉంది. సింకు కూడా ఉంది" అన్నాను.

"అందులో విరిగిన బల్లలున్నాయి. అయినా మీకు టెంటు ఇచ్చాం, ఆవిడకు బల్ల ఇచ్చాం. వైద్యం వేరు, సహాయ కేంద్రం వేరు. రెండూ కలిపేస్తే రేపు పైవాళ్ళడిగితే ఏం చెప్పను?"

"ఆడమనిషి ఒక్కతే కదండీ. ఒంటికి దెబ్బ తగిలినా, మనసుకు తగిలినా వచ్చేది అదే మనిషి" అంది ఆవిడ.

"బల్లలు ఎవరు తీస్తారు? మనుషుల్లేరు."

"మేము తీస్తాం" అన్నాను.

మా ఇద్దరి తెల్లజుట్టు చూసి నవ్వాడు. తాళంచెవి ఆయన ముందే ఉంది. ఆవిడ అడగనూ లేదు, లాక్కోనూ లేదు. తన ఇంటి తాళంచెవి తీసుకున్నట్టు తీసుకుని బయటికి నడిచింది. నాకు ఆవిడ ఎప్పుడూ నచ్చలేదు. ఆ నడక మాత్రం నచ్చింది.

బల్లకు అటు ఆవిడ, ఇటు నేను. రెండో బల్లకే నా మోకాళ్ళు మొరపెట్టుకున్నాయి. వరండాలో ఆడవాళ్ళు చూశారు. "ఏంటి నర్సమ్మా, ఈ వయసులో కుస్తీలు?" అంటూ నలుగురు వచ్చారు. వాళ్ళను చూసి ఇంకో పదిమంది. ఎనిమిదో నెలామె పనికి రానివ్వలేదని అలిగి, గుమ్మంలో కుర్చీ వేసుకుని అందరినీ అదిలించింది. చీకటి పడకముందే గది ఖాళీ అయింది, నేల కడిగాం, కిటికీలకు దుప్పట్లు కట్టాం, మధ్యలో పరదా, పరదా వెనక మంచం.

గదికి ఒకటే తలుపు. ఎవరు దేనికొచ్చినా అదే తలుపు.

బుధవారం

మైకులో చెప్పించాం. ఆడవాళ్ళందరికీ సబ్బు, ప్యాడ్లు, బీపీ పరీక్ష. ల్యాబు గదిలో. ఒక్కొక్కరుగా రావాలి.

ఆవిడ ఒక నియమం పెట్టింది. లోపలికి ఎవరొచ్చినా ఒకేలా కాసేపు కూర్చోబెట్టాలి. చెప్పుకోవడానికేమీ లేనివాళ్ళనైనా కబుర్లాడి కూర్చోబెట్టాలి. ఎవరు ఎక్కువసేపు ఉన్నారో బయటివాళ్ళు లెక్కగట్టకూడదు. "ఇలాగైతే ఎప్పటికి తెములుతుంది?" అని విసుక్కున్నాను. తెమలకపోవడమే మంచిదైంది. బీపీ పట్టీ చేతికి చుట్టగానే మనుషులు మాట్లాడడం మొదలుపెడతారు. ఇన్నేళ్ళ సర్వీసులో నేను దాన్ని పట్టించుకోలేదు, మాట్లాడితే రీడింగు తప్పొస్తుందని కసిరేదాన్ని.

ఒకామెకు నెల తప్పింది, ఈ పరిస్థితుల్లో వద్దనుకుంటోంది, ఎవరినడగాలో తెలియదు. ఒకామె చెయ్యి వాచి ఉంది. గుమ్మం తగిలిందంది. ఆవిడ "అలాగా" అని ఊరుకుని, మళ్ళీ రమ్మంది. బాత్రూముకు వెళ్ళలేక పొద్దున్నుంచి నీళ్ళు తాగడం మానేసినవాళ్ళు ఎందరో. నేను మందిస్తుంటే ఆవిడ వింటుంది, ఆవిడ వింటుంటే నేను మందు వెతుకుతాను. ఎవరినీ ఎక్కడికీ పంపాల్సిన పని లేదు.

దర్జీ అమ్మాయి రాలేదు.

గురువారం, మధ్యాహ్నం

రాలేదు. సాయంత్రం దాటితే మందుకు గడువు దాటినట్టే.

నాలుగుసార్లు మూడో నంబరు గది వైపు వెళ్ళబోయాను. నాలుగుసార్లూ ఆవిడ చూపు నన్ను వెనక్కి లాగింది.

గురువారం, రాత్రి

వచ్చింది!

వాళ్ళమ్మతో కలిసి వరసలో నిలబడి వచ్చింది. ముందు అమ్మ వచ్చి సబ్బు తీసుకుని, బీపీ చూపించుకుని, తన గ్యాస్ నొప్పి గురించి చెప్పుకుని వెళ్ళింది. తర్వాత అమ్మాయి. గడియ వేశాను. స్టూలు మీద కూర్చుని, "ఈ గదిలోకి అందరూ వస్తున్నారు కదా అని వచ్చానండీ" అంది.

ఆ తర్వాత చెప్పింది ఇక్కడ రాయను. అది నాది కాదు.

మందు గడువులోపే పడింది. అది మాత్రం రాస్తాను, పెద్దక్షరాలతో రాయాలనుంది. ప్రతిదానికీ వదిన అడిగింది, "డాక్టరమ్మను పిలవొచ్చా? చూడనివ్వడం ఇష్టమేనా? వద్దంటే ఇక్కడితో ఆపేద్దాం." అడిగిన ప్రతిసారీ ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి జవాబు చెప్పింది. తన ఇష్టం ఇంకా తన దగ్గరే ఉందని కొంచెం కొంచెంగా నమ్ముతున్నట్టు. డాక్టరమ్మ వచ్చి చూసి, రేపెప్పుడైనా కేసు పెట్టదలిస్తే పనికొచ్చేవన్నీ పద్ధతిగా తీసి భద్రపరిచింది.

ఆ అమ్మాయి వెళ్ళాక సింకు దగ్గర చేతులు కడుక్కుంటూ ఏడ్చేశాను. ఆవిడ ఏమీ అనకుండా వచ్చి, బయటికి వినిపించకుండా కొళాయి పూర్తిగా తిప్పి వెళ్ళింది.

ఎవరో కూడా చెప్పింది ఆ అమ్మాయి. అదీ రాయను. ఇకమీదట నా పెట్టెలు నేనే మోసుకుంటాను.

(పైన ఒకచోట వదిన అని రాశాను. తొందరలో రాసి ఉంటాను.)

శుక్రవారం

పొద్దున్నే గొడవపడ్డాం.

"పోలీసులకు చెప్పాల్సిందే. వాడు దర్జాగా తిరుగుతుంటే నేను ఇక్కడ సబ్బులు పంచుతూ కూర్చోలేను" అన్నాను.

"ఆ అమ్మాయి ఇప్పుడే వద్దంది. ఆలోచించుకుంటానంది."

"చిన్నపిల్ల, భయపడుతోంది. మనం పెద్దవాళ్ళం కదా!"

"ఇరవై రెండేళ్ళు. సొంతంగా సంపాదించుకుని అమ్మను పోషిస్తోంది. ఆమె వద్దంటున్నా వినకుండా ఒకడు ఒకసారి తన పని చేసుకుపోయాడు. మనం కూడా వినకపోతే ఇక ఆమె మాటకు విలువేముంది?"

జవాబు లేనప్పుడు నాకు ఇంకా కోపమొస్తుంది. మధ్యాహ్నం భోజనానికి ఆవిడకు దూరంగా కూర్చున్నాను. నాకోసం ఆవిడ పక్కన పెట్టుంచిన కుర్చీ అలాగే ఉంది.

శనివారం

దారిలో లైట్ల గురించి వదిన ఆఫీసుకు వెళ్ళింది. నేనూ వెళ్ళాను. పేర్లు లేవు, సంఘటనలు లేవు. బాత్రూములకు లోపలి గడియలు, దారి పొడవునా లైట్లు, సాయంత్రం కాపలాకు మగవాళ్ళ బదులు ఆడవాళ్ళు. అంతే అడిగింది.

రేపుగారు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఏదో జరిగినట్టుంది. ఎవరో చెప్పండి, చర్య తీసుకుంటాను."

"లైటు లేదన్నది ఎవరి పేరూ అడక్కుండానే కనిపిస్తుందండీ."

"చూడండి మేడమ్, ఆ గదిలో ఏవేవో మాట్లాడుకుంటున్నారని మగవాళ్ళు గొణుగుతున్నారు. ఆడవాళ్ళకు లేనిపోనివి ఎక్కిస్తున్నారట. పేరు చెప్పకపోతే గది మూయించేస్తాను."

నా నాలుక కొసదాకా వచ్చింది. నేనైతే చెప్పేసేదాన్ని. గది పోతుందనే భయంతో చెప్పేసేదాన్ని. వదిన మొహంలో ఒక్క గీత కదల్లేదు. "మూయించుకోండి. పేరు మాత్రం రాదు" అంది.

అప్పుడు వెనకనుంచి ఒక గొంతు వచ్చింది. ఎనిమిదో నెలామె నడుం మీద చెయ్యేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "గది మూసేస్తారా సార్? అయితే నేను మీ ఆఫీసులోనే కంటాను. బల్ల కొంచెం ఖాళీ చేసి పెట్టుకోండి."

ఆమె వెనక వరండా నిండా ఆడవాళ్ళు. ఎప్పుడొచ్చారో తెలియదు. ఎవరూ అరవలేదు. ఒకామె, "నేను రెండు రోజులుగా సాయంత్రం పూట నీళ్ళు తాగడం లేదు సార్, ఆ దారికి భయపడి" అంది. ఇంకొకామె, "నేనూ అంతే" అంది. "నేనూ." "మా అత్తయ్య కూడా." ఆ 'నేనూ'లు వరండా చివరిదాకా పాకుతూ వెళ్ళాయి. రేపుగారి మొహం మారింది. ఆయన చెడ్డవాడు కాదనుకుంటాను. అంతమంది గొంతులు ఒక్కసారిగా వినడం ఆయనకిదే మొదటిసారి. ఫోను తీసి ఎలక్ట్రీషియనుకు చేశాడు. "ఇవాళే రావాలి. ఇప్పుడే" అన్నాడు.

సాయంత్రానికి దారంతా పట్టపగలులా ఉంది. టార్చిని ఆ డ్యూటీనుంచి తీసేశారు. ఆడవాళ్ళు ఇద్దరేసి చొప్పున వంతులు వేసుకున్నారు.

టీ తాగుతూ వదినను చూస్తుంటే నాకు ఒకటి తట్టింది. ఇంత బెదిరించినా ఒక్క అక్షరం బయటపెట్టని మనిషి. ఎవరైనా నమ్మి చెప్పుకున్న మాటను ఇలా దాచుకునే మనిషి.

"అన్నయ్యే అడిగాడా, ఇంటికెళ్దామని?" అన్నాను.

వదిన టీని చాలాసేపు ఊదుకుంది.

"నాతో చెప్పొద్దన్నాడా?"

తన బిస్కెట్టు నా సాసర్లో పెట్టింది. అంతే.

ఏడాదిపాటు నలుగురిలో నేనన్న మాటలన్నీ పడింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నోరు విప్పి ఉంటే సరిపోయేది. విప్పలేదు.

ఆదివారం

వదినా నేనూ ఇప్పుడు ల్యాబు పక్క గదిలో ఒకే చాప మీద పడుకుంటున్నాం. వదిన గురక పెడుతుంది. అన్నయ్య ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. ఎంత మంచివాడో.

మంగళవారం

దర్జీ అమ్మాయి పొద్దున్నే వచ్చింది. ఈసారి వరసలేదు, సబ్బుల్లేవు. తిన్నగా వచ్చి తలుపు తట్టింది.

"నిన్న లైట్ల కింద నడిచి బాత్రూముకు వెళ్ళొచ్చానండీ. ఒక్కదాన్నే. దారిలో వాడు ఎదురొచ్చి పలకరించాడు, ఏమీ జరగనట్టు. భయపడాల్సింది వాడు కదా? వాడెందుకు భయపడడం లేదు? అనిపించింది" అంది. "కేసు పెడతాను. మీరిద్దరూ నాతో వస్తారా?"

"నువ్వు చెప్పడమే ఆలస్యం" అని లేచాను. వదిన నా చెయ్యి మెల్లగా నొక్కింది. కూర్చున్నాను.

"అమ్మకు చెప్పాలా వద్దా?" అని వదిన అడిగింది.

"చెప్పాలి. ఇక్కడే చెప్తాను. మీరుండండి."

వాళ్ళమ్మ వచ్చింది. అమ్మాయి చెప్పింది, తల ఎత్తుకుని. ఆ తల్లి వింటున్నంతసేపూ కూతురి మోకాలి మీద చెయ్యి వేసి కూర్చుంది. అరుస్తుందేమో, పరువంటుందేమో అని నేను కాచుకుని ఉన్నాను. ఆమె లేచింది. మూలన విడిచిన కూతురి చెప్పులు తెచ్చి ముందు పెట్టింది.

"వేసుకో. పోదాం" అంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "ఇన్నాళ్ళూ ఒక్కదానివే మోశావా?" అంది. అప్పుడు ఏడ్చారు ఇద్దరూ.

వరండా పక్కనుంచి చాటుగా గేటుకు వెళ్ళొచ్చని చెప్పాను. దర్జీ అమ్మాయి తలూపలేదు. "గ్రౌండు మధ్యనుంచే వెళ్దాం" అంది.

వెళ్ళాం. నలుగురం, పట్టపగలు, టీ వేళ. నవ్వినవాళ్ళు అక్కడే ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. బట్టలు ఆరేస్తున్నవాళ్ళు ఆగి చూశారు. ఏమీ అడక్కుండానే ఒకామె వచ్చి వాళ్ళమ్మ పక్కన నడిచింది. తర్వాత ఇంకొకామె. గేటు దగ్గరికి చేరేసరికి వెనక్కి తిరిగి చూశాను. నాకు లెక్కపెట్టే ఓపిక లేకపోయింది, కళ్ళు మసకబారాయి.

స్టేషనులో మహిళా ఇన్‌స్పెక్టరు కుర్చీ తెప్పించి, మంచినీళ్ళు ఇప్పించి, మొత్తం విన్నది. ఈలోపల టార్చి గోడ దూకి పారిపోయాడు. సాయంత్రానికి బస్టాండులో దొరికాడు. ఇప్పుడు వాడి పేరు రాయడానికి నాకు అడ్డేమీ లేదు. కానీ ఈ డైరీలో వాడికి అంత చోటివ్వను.

శనివారం

ఎనిమిదో నెలామె అన్నంతపనీ చేసింది, కాకపోతే ఆఫీసులో కాదు, ల్యాబులో. నెల ముందే, పొద్దుటి ఎండ సింకు మీద పడుతుండగా. ఆడపిల్ల. చిన్నదే, కానీ గొంతు తల్లిదే. చేతుల్లోకి తీసుకుంటే తొలి ప్రసవం చేసిన రోజులా గుండె కొట్టుకుంది. వదిన ప్రసవం చూడడం ఇదే మొదటిసారట. తల్లి చెయ్యి పట్టుకుని ధైర్యం చెబుతానని నిలబడి, తనే కళ్ళు తిరిగి స్టూలు మీద కూలబడింది. ప్రసవమవుతున్నామె "ముందు ఆవిడకు నీళ్ళివ్వండి" అంది.

రేపుగారు గుమ్మం బయటనుంచే తొంగిచూసి, అడక్కుండానే తెల్ల దుప్పట్లు పంపించాడు.

సోమవారం

ఇవాళ మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. వాళ్ళమ్మ, వదిన, నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాం.

తలుపు తెరుచుకుంది. దర్జీ అమ్మాయి బయటికొచ్చి, మా ముగ్గురి మొహాలూ చూసి, "ఆకలేస్తోంది" అంది. "నిజంగా, బాగా ఆకలేస్తోంది."

ఆ సాయంత్రం నుంచి ఆమె సరిగ్గా తినలేదని వాళ్ళమ్మ ఎన్నిసార్లు మొత్తుకుందో! ఎదురుగా హోటల్లో నలుగురం కూర్చున్నాం. మొదటి ప్లేటు పూర్తిచేసి రెండోది తెప్పించుకుంది. వాళ్ళమ్మ తన ప్లేటు ముట్టకుండా కూతురు తింటుంటే చూస్తూ కూర్చుంది. వదిన నా చెవిలో, "ఏం తీర్పు వస్తుందో ఇప్పుడే తెలియదు, చాలా దూరముంది" అంది. "తెలుసు. ముందు ఆ అమ్మాయిని తిననీ" అన్నాను.

బుధవారం

పైనుంచి పెద్ద డాక్టరుగారు వచ్చి ల్యాబు గది అంతా తిరిగి చూశారు. టెంటు ఎందుకు తీసేశారు, బోర్డు ఎందుకు తీసేశారు అని అడిగారు. నేను మందుల సంగతి చెప్పాను, వదిన తలుపు సంగతి చెప్పింది. మధ్యలో ఒకరి మాటకు ఒకరం అడ్డం పడ్డాం, ఆయనకు పాపం ఎవరి వైపు చూడాలో తెలియలేదు. రేపుగారు అందుకుని, "నేను మొదటినుంచీ ఈ గది ఉండాలనే అంటున్నానండీ" అన్నాడు. వదిన దగ్గొచ్చినట్టు మొహం పక్కకు తిప్పుకుంది. నేను మాత్రం బయటికే నవ్వేశాను.

వరద క్యాంపులన్నిటిలోనూ ఇలాగే ఒక్క గది, ఒక్క తలుపు పెట్టాలని ఆర్డరు వేశారు. రెండో క్యాంపులో మొదలుపెట్టి వాళ్ళకు నేర్పడానికి మమ్మల్నిద్దరినీ వెళ్ళమన్నారు. ఇక్కడ డాక్టరమ్మ, ఇంకో నర్సు చూసుకుంటారు.

మా ఆయనకు ఫోను చేశాను. "రెండు వారాలన్నావు" అన్నాడు. "వదిన ఒక్కతే ఎలా వెళ్తుంది?" అన్నాను. "ఏ వదిన?" అన్నాడు. "నాకున్నది ఒక్క వదినే కదా!" అని పెట్టేశాను.

శుక్రవారం

కొత్త క్యాంపు. ఇదొక గోడౌను. వ్యానులో కిటికీ సీటు కోసం వదినతో దారిపొడవునా దెబ్బలాట, చివరికి ఆ సీటులో కూర్చుని నిద్రపోయిందీ నేనేనట.

మాకిచ్చిన గదిలో ఇంకా పరదా లేదు, స్టూళ్ళు లేవు, మందుల పెట్టెలు విప్పలేదు. సాయంత్రం దాకా సర్దుకుని రేపటినుంచి మొదలుపెడదామనుకున్నాం. తలుపు తీసి చూద్దుము కదా, బయట అప్పటికే ఆడవాళ్ళు బారులు తీరి ఉన్నారు. మైకులో చెప్పలేదు, బోర్డు పెట్టలేదు. పాత క్యాంపులో వాళ్ళు ఇక్కడి చుట్టాలకు, స్నేహితురాళ్ళకు ఫోన్లు చేసి చెప్పారట. వార్త మా వ్యానుకంటే ముందు వచ్చేసింది.

వరసలో మొదట ఒక ముసలామె ఉంది. నాకంటే పదేళ్ళు పెద్ద. లోపలికి తొంగిచూసింది, ఖాళీ గదీ, నేల మీద కూర్చున్న మేమిద్దరం.

"ఇక్కడ ఏదైనా చెప్పుకోవచ్చట కదా?" అంది.

"చెప్పుకోవచ్చు" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"ఎప్పటిదైనా?"

వదిన నావైపు చూసింది. నేను లేచి తలుపు గడియ వేశాను.

"ఎప్పటిదైనా" అంది వదిన.

ముసలామె చేతికర్ర గోడకు ఆనించి, మా ఇద్దరి మధ్యా చోటు చూసుకుంది. "అయితే కాస్త జరగండమ్మా" అంది. "నాకు చాలా ఉంది."